పోర్ట్‌ఫోలియో ఐదో పేజీలోనే మూసేశారు. లుక్ ఎలా మార్చాలి?

మిర్చి_రంగు
ఊరు గుంటూరు, బ్రాడీపేట. నాలుగేళ్ళుగా విజయవాడలో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నాను. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, అన్నిటికంటే ఎక్కువగా కారం, పసుపు, పచ్చళ్ళ ప్యాకెట్లు. ఇక ప్యాకేజింగ్ డిజైన్ ఒక్కటే చేసే చోటికి మారాలని ప్రయత్నం.

పోయిన వారం హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ. దానికోసం నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని 46 పేజీల పోర్ట్‌ఫోలియో చేశాను. నల్ల బ్యాక్‌గ్రౌండ్, బంగారు బోర్డరు, ప్రతి పేజీ మూలన నా పేరుతో లోగో. గ్లాసీ పేపరు, స్పైరల్ బైండింగ్. షాపులో చూసిన వాళ్ళందరూ అదిరిందన్నారు.

ఇంటర్వ్యూ చేసినాయన నాలుగు పేజీలు తిప్పారు. ఐదో పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగి, మూసి, టేబుల్ మీద పెట్టి "ఇందులో మీరు చేసిన పని ఏది?" అన్నారు. అన్నీ నేనే చేశానండీ అన్నాను. "సరే, చెప్పండి" అన్నారు గానీ మళ్ళీ తెరవలేదు. నాకు నోట మాట రాలేదు. పావుగంటలో బయటికొచ్చేశాను. తిరుగు రైల్లో ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది.

వచ్చే నెలలో ఇంకో రెండు ఇంటర్వ్యూలున్నాయి. నా పని బాగా లేదా, చూపించిన తీరు బాగా లేదా? ఉన్నదున్నట్టు చెప్పండి.

బీసెంట్‌రోడ్_బుజ్జి
నల్లటి గ్లాసీ పేపరు ట్యూబులైటు కింద అద్దమే చెల్లీ. ఆయనకి నీ ప్యాకెట్లకంటే ముందు పైనున్న లైటు కనబడి ఉంటుంది. పైగా నలుపు నిండుగా కొట్టిన పేజీ మీద వేలు పెడితే ముద్ర పడుతుంది. నాలుగు చేతులు మారేసరికి పాతదైపోతుంది. ముందు మ్యాట్‌కి మారు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

కృష్ణలంక_కిరణ్
46 పేజీలా! మా అన్న పెళ్ళి ఆల్బమే 40.
అయినా పేజీల లెక్క అంత ముఖ్యం కాదంటాను. నేను 30 పేజీలతో వెళ్ళాను, ఉద్యోగం వచ్చింది. మొదటి పేజీ పట్టుకుంటే మిగతావి వాళ్ళే తిప్పుతారు.

హెచ్‌ఆర్_అక్క
మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్. డిజైనర్లను తీసుకునేటప్పుడు టేబుల్‌కి అవతలి పక్కన కూర్చునేది నేనూ, మా డిజైన్ హెడ్డూ. అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను.

ఒక రోజులో ఎనిమిది తొమ్మిది మందిని చూస్తాం. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు అలిసిపోతాయి. పుస్తకం చేతికి రాగానే మేం వెతికేది ఒక్కటే: ఈ మనిషి చేసిన వస్తువు ఎక్కడుంది? బోర్డరు, లోగో, పువ్వులు, నీడలు అన్నీ దాటుకుని దాని దగ్గరికి వెళ్ళాల్సి వస్తే విసుగొస్తుంది. "మీరు చేసిన పని ఏది" అన్నది నిన్ను చిన్నబుచ్చడానికి అన్న మాట కాకపోవచ్చు. ఆయనకి నిజంగానే కనబడలేదేమో. నేనూ చాలామందిని ఇదే అడిగాను.

ఆ మొదటి ఐదు పేజీల్లో ఏమున్నాయో చెప్పమ్మా.

మిర్చి_రంగు
1. కవర్, నా పేరు పెద్దగా.
2. నా ఫోటో, నా గురించి ఒక పేరా.
3. "నా ప్రయాణం" అని టైమ్‌లైన్, ఇంటర్ నుంచి.
4. స్కిల్స్. ఫోటోషాప్ 90 శాతం, కోరెల్ 95 శాతం అని బార్లు.
5. నాలుగు పెళ్ళి కార్డులు, కోల్లాజ్‌లా.

ఇక్కడ టైప్ చేస్తుంటేనే నాకు అర్థమవుతోంది అక్కా.

హెచ్‌ఆర్_అక్క
చూశావా. ప్యాకెట్లు చేసే కంపెనీలో నాలుగు పేజీలు తిప్పినా ఆయన ఒక్క ప్యాకెట్టూ చూడలేదు. ఐదో పేజీలో చూసినవి శుభలేఖలు.

ఆ శాతాల బార్లు తీసెయ్. 95 శాతం అంటే మిగతా ఐదు ఏంటని అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. ఫోటో కూడా వద్దు, ఎదురుగా నువ్వే కూర్చుంటావు. చదువు, అనుభవం రెజ్యూమేలో ఉంటాయి. పోర్ట్‌ఫోలియో రెండో పేజీకే నీ మంచి ప్యాకెట్టు కనబడాలి. పేజీ నిండా, ఒక్కటే.

కృష్ణలంక_కిరణ్
ఫోటో విషయంలో నేను ఒప్పుకోను అక్కా. రోజుకి తొమ్మిది మందిని చూసేవాళ్ళకి సాయంత్రం ఎవరిది ఏ పుస్తకమో గుర్తుండాలిగా?

హెచ్‌ఆర్_అక్క
పుస్తకం మా దగ్గర వదిలి వెళ్ళరు కిరణ్. గుర్తుండేది పనే. "ఆ ఆవకాయ లేబుల్ అమ్మాయి" అనే అనుకుంటాం సాయంత్రం.

పాత_పేజ్‌మేకర్
గవర్నర్‌పేటలో 25 ఏళ్ళు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు అమర్చే పని చేశాను. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టినవాణ్ణి. లుక్ అని అడిగావు కాబట్టి లుక్ గురించే చెబుతా తల్లీ, పొడుగైనా ఓపిగ్గా చదువు.

అందంగా కనబడటం లేదని మనం ఏదో ఒకటి తెచ్చి కలుపుతాం. బోర్డరు కలుపుతాం, నీడ కలుపుతాం, ఇంకో ఫాంటు కలుపుతాం. పెళ్ళి కార్డుకి అది చెల్లుతుంది, అక్కడ నిండుదనమే శుభం. పోర్ట్‌ఫోలియో పళ్ళెం లాంటిది. పళ్ళెం మీద కూడా ముగ్గు వేస్తే కూర ఎక్కడుందో తెలియదు.

ఏ4 కాగితం 210, 297 మిల్లీమీటర్లు. దాన్ని అడ్డంగా పెట్టుకో. బైండింగ్ వైపు 25 మిల్లీమీటర్లు వదులు, లేకపోతే బొమ్మ అంచు స్పైరల్‌లోకి పోతుంది. మిగతా మూడు వైపులా 15 చాలు. ఆ లోపలి చోటుని నిలువుగా ఆరు భాగాలు చేసి గైడ్ లైన్లు పెట్టుకో. బొమ్మ నాలుగు భాగాల్లో, మాట రెండు భాగాల్లో. లేదా బొమ్మ ఆరింట్లోనూ, మాట కింద ఒక్క వరుస. ఈ రెండు అమరికలతోనే పుస్తకమంతా నడపొచ్చు. ప్రతి పేజీలో పేరు, మాట, పేజీ నంబరు ఒకే చోట ఉంటే చూసేవాడి కన్ను వెతుక్కోదు. రెండు పేజీలు తిప్పగానే దానికి అలవాటైపోతుంది.

ఫాంటు ఒక్కటే. అందులోనే లావు ఒకటి, సన్నం ఒకటి. వివరం 10 పాయింట్లు, శీర్షిక 18 నుంచి 20. 8 పాయింట్లలో లేత బూడిద రంగు అక్షరాలు పెడుతున్నారు ఇప్పటి పిల్లలు, చూడ్డానికి నాజూగ్గా ఉంటాయి. ఎదురుగా కూర్చునే పెద్దాయనకి 50 ఏళ్ళుంటాయి, కళ్ళజోడు జేబులో ఉంటుంది. ఆయన కోసం పెట్టు.

రంగు విషయానికొస్తే తెల్ల కాగితం, నల్ల అక్షరం, ఇంకొక్క రంగు. నీ పేరే చెబుతోందిగా, మిరప ఎరుపు. అది పేజీ నంబరుకో చిన్న గీతకో వాడు, అంతకు మించి వద్దు. పేజీలో ఎర్రగా మెరవాల్సింది నీ కారం ప్యాకెట్టు.

మిర్చి_రంగు
బాబాయ్ గారూ, పళ్ళెం మాట మా షాపు గోడ మీద రాసి పెడతాను. ఆరు భాగాల గైడ్లు ఇప్పుడే వేశాను. పాత పేజీ ఒకటి అందులో పెట్టి చూస్తే బొమ్మ మూడో వంతు కూడా లేదు. మిగతాదంతా బంగారమే.

కాలువగట్టు
నేను ఆర్కిటెక్చర్ చదువుతున్నా, విజయవాడే. మా సీనియర్లు ఏ3లో చేస్తారు. అది బస్సులో తీసుకెళ్ళడమే పెద్ద పని, చాలా ఆఫీసుల్లో టేబుల్ మీద పరిచే చోటే ఉండదు. ఏ4 అడ్డం అన్నది సరైన మాట.

ఎన్ని పనులు పెట్టాలి అనేదానికి మన ఊరి సంగతి ఒకటి చెబుతా. పింగళి వెంకయ్య గారు 1916లోనే జాతీయ జెండా ఎలా ఉండొచ్చో చాలా నమూనాలతో ఒక చిన్న పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాలు జరిగినప్పుడు గాంధీ గారి చేతికి ఒక జెండా నమూనా ఇచ్చారు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్కటే. కాబట్టి 46 వద్దు, ఎనిమిది చాలు.

కృష్ణలంక_కిరణ్
కాలువగట్టు తమ్ముడూ, ఆ ఒక్కటి రావడానికి ముందు గీసినవన్నీ కావాలిగా? పైగా ఆయన ఇచ్చిన దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, రాట్నం ఉన్నాయి. తెలుపు చేర్చమని గాంధీ గారన్నారు. ఒక డిజైన్ ఎలా మారిందన్నదే అసలు కథ. పోర్ట్‌ఫోలియోలో అది కనబడాలి. అన్నీ పూర్తయినవే పెడితే ఎవరో గీసిచ్చినవి తెచ్చుకున్నట్టుంటుంది.

కాలువగట్టు
ఇది ఒప్పుకుంటా. ఎనిమిదిలో రెండింటికి మొదటి గీత నుంచి చూపించాలి. మిగతా ఆరూ పూర్తయినవి.

బీసెంట్‌రోడ్_బుజ్జి
పెన్సిల్ గీతలు ఉన్నాయా చెల్లీ? పారేశావా?

మిర్చి_రంగు
కొన్ని ఉన్నాయి అన్నా. పాత బిల్లు పుస్తకాల వెనక గీసుకునేదాన్ని. వాటి మీద టీ మరకలు, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి.

బీసెంట్‌రోడ్_బుజ్జి
టీ మరక ఉండనీ. ఫోన్ నంబర్లు మాత్రం చెరిపెయ్, అవి ఎవరివో.

అక్షరం_ముక్క
ఎవరూ తెలుగు అక్షరాల మాట ఎత్తలేదు. ప్యాకెట్ల మీద తెలుగు ఉంటుంది కదా. పోర్ట్‌ఫోలియోలో కూడా పనుల పేర్లు తెలుగులో పెట్టుకోవాలనిపిస్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతోనే నడుస్తోంది. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి కాదు. ఆ ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. నేను కళ్ళారా చూశాను: ఒకబ్బాయి ఇంటర్వ్యూలో పెన్‌డ్రైవ్ పెట్టాడు, "గోంగూర పచ్చడి" ఉండాల్సిన చోట ఏదో పిచ్చి రాత వచ్చింది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు అందులోనే ఇమిడేలా చూసుకోవాలి. ప్రెస్సుకి పంపేదైతే అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీత బొమ్మలుగా మార్చి పంపండి.

పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకి సరిపోయినది తెలుగుకి సరిపోదు. "స్త్రీ" అని రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. 11 పాయింట్ల అక్షరానికి 16, 17 పాయింట్ల దూరం ఇస్తేనే పై వరుస ఒత్తు కింది వరుస తలకట్టుకి తగలకుండా ఉంటుంది.

ఫాంట్లకి డబ్బు పెట్టనక్కర్లేదు. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. శీర్షికకి లావు కావాలంటే రామభద్ర. రెండూ ఉచితమే, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. మండలికి బోల్డ్ లేదు, దాన్ని బలవంతంగా లావు చేయకండి. అక్షరాల కడుపులు మూసుకుపోతాయి.

పాత_పేజ్‌మేకర్
ఈ చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. లావు చేసిన "ఘ" చూస్తే జాలేస్తుంది.

టీచరమ్మ_పటమట
మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ పోస్టుకి వెళ్తున్నాను. వాళ్ళూ పోర్ట్‌ఫోలియో తెమ్మన్నారు. సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని వెళ్ళడమే నాకు తెలిసింది. టీచర్‌కి ఏం పెట్టాలి?

హెచ్‌ఆర్_అక్క
సర్టిఫికెట్లు విడిగా వేరే ఫైల్లో ఉంచండి, అడిగితే ఇవ్వండి. పోర్ట్‌ఫోలియోలో మీ పాఠం కనబడాలి. ఒక పాఠం ప్రణాళిక, బోర్డు మీద మీరు వేసిన పటం ఫోటో, అదే పాఠం మీద ఒక పిల్ల రాసిన సమాధానం మొదట ఎలా ఉంది, నెల తర్వాత ఎలా ఉంది. పిల్లల పేర్లు, ముఖాలు కనబడకుండా చూసుకోండి. ఆరు పేజీలు చాలు. బాబాయ్ గారు చెప్పిన మార్జిన్లు మీకూ పనికొస్తాయి.

టీచరమ్మ_పటమట
కృష్ణా డెల్టా పాఠానికి పిల్లలతో బ్యారేజీ దగ్గర నుంచి కాలువల మ్యాపు వేయించాను. చార్టు ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని ఫోటో తీస్తే?

పాత_పేజ్‌మేకర్
పొద్దున ఎనిమిదింటప్పుడు వరండాలో, ఎండ నేరుగా పడని చోట, ఫోన్ చార్టుకి సమంగా పట్టుకుని తీయండి టీచర్ గారూ. ఫ్లాష్ వద్దు.

లెన్స్_సింగ్‌నగర్
ఫోటోల మాట వచ్చింది కాబట్టి నాదీ చెబుతా. నేను ఫోటోగ్రాఫర్ని. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వరద వచ్చినప్పుడు మాది కింది పోర్షను. అమ్మనీ, పిల్లల్నీ మేడ మీదికి చేర్చడమే సరిపోయింది. నీళ్ళు తీశాక కిందికి దిగి చూస్తే నా పోర్ట్‌ఫోలియో ఆల్బమ్ ఇటుకలా ఉంది. పేజీలన్నీ అంటుకుపోయాయి. రెండు పేజీలు మెల్లగా విడదీస్తే ఎడమ పేజీలో ఉన్న పెళ్ళికూతురి ముఖం రంగంతా కుడి పేజీలోని దీపాల మీదికి దిగిపోయింది. హార్డ్ డిస్క్ కూడా కింద అరలోనే ఉంది. తొమ్మిదేళ్ళ పని.

నెల తర్వాత పని వెతుక్కోవాల్సి వచ్చింది. పాత కస్టమర్లకి ఫోన్లు చేశాను. నేను తీసినవాటిలో మీ దగ్గర ఏమున్నాయో పంపండి అన్నాను. వాళ్ళు పంపినవాటిలో ప్రింటుకి పనికొచ్చే సైజువి 18 మిగిలాయి. నేనైతే ఆ 18 ఎప్పటికీ ఎంచుకునేవాణ్ణి కాదు. నాకు ఇష్టమైనవి లైటింగు కష్టపడి చేసినవి. వాళ్ళు దాచుకున్నవి వాళ్ళ అమ్మమ్మ నవ్వినవి, పసుపు కొట్టేటప్పుడు రోకలి పట్టుకున్న చేతులు. ఆ 18తోనే చిన్న పుస్తకం చేసి పటమటలో ఒక స్టూడియోకి వెళ్ళాను. చేర్చుకున్నారు.

మిర్చి_రంగు గారూ, రెండు మాటలు. మీ ప్యాకెట్లలో ఏవి మంచివో మీ కస్టమర్లని కూడా అడగండి. ఫైళ్ళు మూడు చోట్ల పెట్టుకోండి, అందులో ఒకటి మీ ఊళ్ళో లేకుండా ఉండాలి.

టీచరమ్మ_పటమట
చదివి చాలాసేపు అలాగే ఉండిపోయానండి.

మిర్చి_రంగు
లక్ష్యపెట్టకుండా అన్నీ షాపు కంప్యూటర్‌లోనే ఉంచాను. ఈ రాత్రే మొత్తం డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నా.

కోడ్_కోటి
డ్రైవ్‌లో ఎలాగూ పెడుతున్నారు కాబట్టి పంపే ఫైలు సంగతి. ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే (ప్రింటు సిరాల రంగుల పద్ధతి). మెయిల్‌కి అదే ఫైలు పంపకండి. జీమెయిల్ 25 ఎంబీ దాటితే అటాచ్ చేయనివ్వదు. బొమ్మలు 150 డీపీఐకి తగ్గించి, ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) వేరే కాపీ చేసి 10 ఎంబీ లోపు ఉంచండి. ఫైలు పేరు "ఫైనల్ న్యూ 3" అని పంపితే అవతలివాళ్ళ డౌన్‌లోడ్స్‌లో ఎక్కడో కలిసిపోతుంది. మీ పేరు, ప్యాకేజింగ్, ఏడాది. అంతే.

డిజైనర్లు పనులు పెట్టుకునే సైటు బిహాన్స్‌లో కూడా ఆ ఎనిమిదే పెట్టండి. ఇంకా చెప్పాలంటే ప్రింటు అవసరమే లేదు, ట్యాబ్ తీసుకెళ్తే చాలు.

బీసెంట్‌రోడ్_బుజ్జి
కోటీ, మిగతా అన్నిటికీ సరే, ప్యాకేజింగ్‌కి మాత్రం ట్యాబ్ చాలదు. ప్యాకెట్టు చేతితో పట్టుకునే వస్తువు. స్క్రీన్ మీద ఎరుపు వెలుగుతో వస్తుంది, కాగితం మీద సిరాతో వస్తుంది, కవరు మీద ఇంకో రకంగా వస్తుంది. స్క్రీన్‌లో కళ్ళు చెదిరే ఎరుపు సీఎంవైకేలోకి మార్చగానే కాస్త చల్లబడుతుంది. మెజెంటా వంద, పసుపు వంద పెడితే వచ్చేదే మనకి దక్కే ఎరుపు. అందులో నలుపు ఐదు కలిపినా ఇటుక రంగైపోతుంది, కారం పాతదిలా కనబడుతుంది. ఇది తెలిసినవాళ్ళనే వాళ్ళు వెతుకుతారు.

చెల్లీ, నువ్వు చేసిన ప్యాకెట్లు అసలువి ఉన్నాయా? ఖాళీ కవర్లు? ఉంటే పుస్తకం చివర ఒక పారదర్శక జేబు పెట్టి అందులో మూడు నాలుగు పెట్టు. ఇంటర్వ్యూలో తీసి చేతికివ్వు.

మిర్చి_రంగు
ఉన్నాయి అన్నా! కారం 200 గ్రాములది రోల్‌లో మిగిలిన ముక్క, పసుపు పౌచ్ రెండు, ఆవకాయ సీసా లేబుల్ షీటు. ఇవి చూపించొచ్చని నాకు తట్టనే లేదు, చెత్త అనుకున్నా.

కోడ్_కోటి
అసలు ప్యాకెట్టు చేతికివ్వడం అంటే ట్యాబ్ ఓడిపోయినట్టే. వెనక్కి తీసుకుంటున్నా.

బీసెంట్‌రోడ్_బుజ్జి
ఇంకో సంగతి. కవర్ల ప్రింటింగు గ్రావ్యూర్‌లో (చెక్కిన సిలిండర్లతో ముద్రించే పద్ధతి) అయితే ఒక్కో రంగుకి ఒక్కో సిలిండరు చెక్కాలి. ఏడు రంగుల డిజైన్‌ని ఐదుకి తగ్గించి అదే అందం తెచ్చావంటే కస్టమర్‌కి రెండు సిలిండర్ల డబ్బు మిగిల్చినట్టు. అలాంటిది చేసి ఉంటే తప్పకుండా రాయి. బొమ్మ కింద ఒక్క వాక్యం.

మిర్చి_రంగు
చేశాను. ఆ కారం ప్యాకెట్టే. పాత పుస్తకంలో దాని కింద "క్రియేటివ్ ప్యాకేజింగ్ సొల్యూషన్" అని బంగారు అక్షరాలతో ఉంది. ఇప్పుడు ఇలా రాశాను:

"కారం, 200 గ్రాములు. పాత ప్యాకెట్టులో ఆరు రంగులు, మిరపకాయల ఫోటో. ఫోటో తీసి గీత బొమ్మ పెట్టాను, నాలుగు రంగులతో సరిపోయింది. కిరాణా కొట్లో దండగా వేలాడదీసినప్పుడు పై సగమే కనబడుతుంది కాబట్టి పేరు, బరువు పైకి తెచ్చాను. వెనక వైపు మొత్తం కొత్తగా అమర్చాను."

పక్కన కొత్తపేటలో ఒక కిరాణా కొట్లో ఆ ప్యాకెట్లు వేలాడుతున్న ఫోటో. ఇవాళ పొద్దున వెళ్ళి తీసుకొచ్చాను. షాపాయన ముందున్న షాంపూ దండ పక్కకి జరిపి మరీ తీసుకోమన్నారు.

హెచ్‌ఆర్_అక్క
ఇదే, ఇదే! "వేలాడదీసినప్పుడు పై సగమే కనబడుతుంది" అన్న మాట చదివితే మా డిజైన్ హెడ్ కుర్చీ ముందుకి లాక్కుంటాడు.

వెనక వైపు కూడా ఫోటో పెట్టు, ముందు వైపంత పెద్దగా. ఆహార ప్యాకెట్టు వెనక ఎంత ఇరుకో అందరికీ తెలుసు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లోగో, 14 అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ, అన్ని పన్నులతో కలిపి ధర, తయారీదారు అడ్రసు, పోషకాల పట్టిక, బార్‌కోడు. ఇవన్నీ చదివేలా సర్దగలిగే మనిషి దొరకడం కష్టం. ముందు వైపు అందంగా చేసేవాళ్ళు చాలామందే వస్తారు.

అక్షరం_ముక్క
"క్రియేటివ్ ప్యాకేజింగ్ సొల్యూషన్" పోయినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

కాలువగట్టు
ఒక డౌటు. ఇవన్నీ షాపులో జీతానికి చేసిన పనులు కదా, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?

పాత_పేజ్‌మేకర్
యజమానిని ఒక మాట అడగాలి. మార్కెట్లోకి వచ్చేసిన ప్యాకెట్టుకి ఎవరూ కాదనరు. ఇంకా బయటికి రానిది, కస్టమర్ గుట్టుగా ఉంచమన్నది పెట్టకూడదు. ఇద్దరు కలిసి చేసినదైతే నువ్వు చేసినంతే నీదని రాయాలి. "బొమ్మ గీసింది వేరొకరు, అమరిక, అక్షరాలు నావి" అని రాస్తే విలువ తగ్గదు. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం ఊళ్ళో ముఖం చూపించలేం. మనది చిన్న లోకం.

మిర్చి_రంగు
మా ఓనర్‌ని అడిగాను. భయపడుతూనే అడిగాను, మానేస్తానని తెలిసిపోతుంది కదా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి పసుపు పౌచ్‌లు కొత్తవి, మడత పడనివి నాలుగు తెచ్చిచ్చారు. "పాతవి తీసుకెళ్ళకు, మన పేరు పోతుంది" అన్నారు.

బీసెంట్‌రోడ్_బుజ్జి
ఆయనకి నా నమస్కారం చెప్పు.

కృష్ణలంక_కిరణ్
పేపరు ఏది తీసుకుంటున్నారు? నేను 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం మందం లెక్క) వేయించాను, అట్టలా ఉండి పేజీ తిరగలేదు.

బీసెంట్‌రోడ్_బుజ్జి
లోపలి పేజీలకి 170 జీఎస్ఎమ్ మ్యాట్ ఆర్ట్ పేపరు, అట్టకి 300. రెండు వైపులా ప్రింటు కొట్టినా వెనకది కనబడదు. స్పైరల్ బదులు వైరో (జంట తీగ రింగుల బైండింగ్) వేయించు, పేజీ పూర్తిగా వెనక్కి తిరిగి టేబుల్ మీద చదునుగా పడుకుంటుంది. బొమ్మ కాగితం అంచుదాకా వెళ్తే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఇవ్వు, కటింగులో తెల్ల గీత మిగలకుండా. ముందు ఒక్క కాపీ తీసి చూసుకో. తప్పులు ప్రింటు మీదే దొరుకుతాయి, స్క్రీన్ మీద మన కన్ను వాటిని క్షమించేస్తుంది.

పాత_పేజ్‌మేకర్
ఆ ఒక్క కాపీని టేబుల్‌కి అవతల ఎవరినైనా కూర్చోబెట్టి వాళ్ళ చేతికివ్వు తల్లీ. నువ్వేమీ చెప్పకు. వాళ్ళ వేలు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ రెండు పేజీలు ఒకేసారి తిప్పేస్తున్నారో చూడు.

మిర్చి_రంగు
మా పిన్నికిచ్చాను. డిజైన్ గురించి ఏమీ తెలియదు, వంట బాగా తెలుసు. మూడు చోట్ల ఆగింది. కారం ప్యాకెట్టు, ఆవకాయ లేబుల్, పసుపు పౌచ్. పెళ్ళి కార్డుల పేజీలు రెండూ కలిపి తిప్పేసింది. నేను ఎంతో కష్టపడి చేసిన కార్డులవి, ప్రాణం ఉసూరుమంది. తీసేశాను. ఇప్పుడు 8 పనులు, 20 పేజీలు.

పసుపు పౌచ్ దగ్గర "ఇది కత్తిరించకుండా చేత్తో చింపొచ్చా?" అని అడిగింది. చింపొచ్చు, పక్కన చిన్న గాటు పెట్టించాం. అది ఫోటోలో కనబడటం లేదు. దగ్గర నుంచి తీసి ఇంకో ఫోటో పెట్టాను, వేళ్ళతో చింపుతున్నట్టు. వేళ్ళు పిన్నివే.

లెన్స్_సింగ్‌నగర్
ఆ ఫోటో ఇక్కడ చూశాను. పక్క నుంచి వెలుగు పడి గాటు బాగా తెలుస్తోంది. గోటి మీద పసుపు ఉండనిచ్చారు, అది చాలా బాగుంది.

టీచరమ్మ_పటమట
నాది ఏడు పేజీలైంది. డెల్టా మ్యాపు మొదట పెట్టాను. బుధవారం డెమో క్లాసు.

మిర్చి_రంగు
మొదటి ఇంటర్వ్యూ నిన్న అయింది. ముగ్గురు కూర్చున్నారు. రెండో పేజీ తెరవగానే ఒకావిడ "ఇది మేం కొంటాం" అంది, వాళ్ళింట్లో వాడతారట. వెనక వైపు ఫోటో దగ్గర ఆగి పోషకాల పట్టిక ఎందుకు అడ్డంగా పెట్టలేదని అడిగారు. అడ్డంగా పెడితే సీలు మడతలోకి అక్షరాలు పోతాయని, మొదటిసారి పోయాయని కూడా చెప్పాను. అది ప్రింటయి వచ్చిన ముక్క జేబులోంచి తీసి చూపించాను. దాన్ని ముగ్గురూ చేతులు మార్చుకుని చూశారు. ఇరవై నిమిషాలు ఆ ఒక్క ప్యాకెట్టు మీదే మాట్లాడాం. చివరి నాలుగు పనులు చూడనే లేదు.

ఒక తప్పు దొరికింది. 14వ పేజీలో "ఆవకాయ" శీర్షిక మిగతావాటికంటే కొంచెం కిందికి ఉంది. వాళ్ళు ఏమీ అనలేదు గానీ నాకు కనబడింది. సోమవారం చెబుతామన్నారు.

హెచ్‌ఆర్_అక్క
పాడైన ముక్క చూపించే ధైర్యం అందరికీ ఉండదమ్మా. రెండో ఇంటర్వ్యూ ఎప్పుడు?

మిర్చి_రంగు
శుక్రవారం. 14వ పేజీ సరిచేసి మళ్ళీ ప్రింటు తీయాలి. బుజ్జి అన్నా, ఒక్క షీటే 170 మ్యాట్‌లో రేపు తీసిస్తారా? వైరో విప్పి మార్చుకోవచ్చు కదా?

బీసెంట్‌రోడ్_బుజ్జి
విప్పిన వైరో మళ్ళీ సరిగా మూసుకోదు, కొత్తది వెయ్యాలి. పదకొండులోపు రా, మధ్యాహ్నం మెషీన్ మీద వేరే పని ఉంది. 13 కూడా అదే షీటు మీద ఉంటుంది, రెండు పేజీల ఫైలూ తీసుకురా.